అందరి గడపకూ చేరవలసిన మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఇచ్ఛాపూర్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలకు భీమవరం అంటే సెలవులకు వెళ్లే ఊరో, పేరు మాత్రమే విన్న ఊరో. 1895 జనవరి 12న ఆ ఊళ్లోనే యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. తండ్రి జగన్నాథం గారి ఆరోగ్యం దెబ్బతినడంతో ఇల్లు గడవడం కష్టమైంది. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని పదమూడేళ్ల సుబ్బారావు ఇల్లు వదిలి బయలుదేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి బడికి పంపారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీ చదువుకు మామగారు సాయం చేశారు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు కట్టినందుకు ఒక ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావలసిన చోట తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఈలోగా ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ రోజుల్లో ఆ జబ్బుకు సరైన మందు లేదు.

1920ల మొదట్లో ఆయన అమెరికాలోని హార్వర్డ్‌కు చేరారు. ఖర్చులకు డబ్బు చాలక, రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేస్తూ చదువుకున్నారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద వారి పరిశోధన ఆ తర్వాత వచ్చింది. పై తరగతుల జీవశాస్త్రంలో మనం చదివే ఏటీపీ అదే. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు.

అప్పటికి పదేళ్ల క్రితమే లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. సరైన తిండి లేకపోవడమే దానికి మూలమని, ఈస్టు సారం ఇస్తే తగ్గుతుందని చూపారు. ఆ సారంలోని పదార్థం ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది సుబ్బారావు గారి బృందమే. సోదరులను బలిగొన్న స్ప్రూకు కూడా అది పనికివచ్చింది. ప్రభుత్వ పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఇవాళ ఉన్నదీ అదే ఫోలిక్ ఆమ్లం.

బోదకాలు మందు డీఈసీ కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఆ జబ్బు సోకింది. అప్పుడు గాని మందు కోసం గట్టి వెతుకులాట మొదలుకాలేదు. 1947లో మందు వచ్చింది. మురుగు కాలువల పక్కన బతికే మన పేదలను ఆ జబ్బు అంతకుముందు ఎన్నో తరాలుగా పీడిస్తూనే ఉంది. ఎవరి జబ్బు మీద ముందుగా పరిశోధన జరుగుతుందన్నది కూడా న్యాయానికి సంబంధించిన ప్రశ్నే.

టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే. అది 1948లో వెలుగులోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, స్వదేశానికి తిరిగి రాకుండానే ఆయన కన్నుమూశారు. 1994లో మన సూరత్‌లో ప్లేగు భయంతో లక్షల మంది ఊరు విడిచినప్పుడు, అందరూ వెతికింది టెట్రాసైక్లిన్ కోసమే. మందుల షాపుల్లో అది నిండుకుంది. మందు కనిపెట్టడం ఒక పని, అవసరమైన మనిషి చేతికి అందించడం మరో పని అని ఆ రోజులు చెప్పాయి.

బదిలీ మీద ఎక్కడికి వెళ్లినా మన ఇంట్లో అమ్మానాన్నల వైద్యం కార్డు ఉంటుంది. ఇక్కడి ఫ్యాక్టరీలకు పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీకి ఆ ధీమా ఉండదు. బోదకాలు ఉన్న ప్రాంతాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు ఉచితంగా మింగిస్తారు. షిఫ్టులో ఉన్నవాడి గది తలుపు తాళం వేసి ఉంటే ఆ మాత్ర అతనికి అందదు. ఈసారి వాళ్లు మన వీధికి వచ్చినప్పుడు, పక్కనున్న ఆ గది సంగతి కూడా వాళ్లకు చెబుదాం.