పిడికెడు బియ్యమే కానుక

దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య పుట్టుకతో తమిళుడు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలైలో పాస్టరుగారి ఇంట పుట్టారు. 1903లో అక్కడి క్రైస్తవులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులూ, డబ్బూ మనదేశానివే కావాలన్నది దాని నియమం. ఆ సొసైటీ పనిమీదే 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరారు. తెలుగు నేర్చుకుని ఇక్కడి మనిషైపోయారు. 1912లో బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సభలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే.

సంఘస్తుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. పూట గడవనివాళ్లను కానుక ఎలా అడగాలి? అసలు అడక్కపోతేనే వాళ్లను చిన్నచూపు చూసినట్టని అజరయ్య నమ్మారు. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఇల్లాలు ఓ పిడికెడు దేవుడి పేర పక్కన పెట్టేది. పంటల పండగకు ధాన్యం, కోళ్లు గుడికి వచ్చేవి. తాము ఇచ్చింది ఉంటే సంఘంలో తమ మాటా ఉంటుందని పేదలకు తెలిసొచ్చింది. క్రైస్తవులు కానుకలివ్వడం గురించి ఆయన పుస్తకమే రాశారు.

గుళ్లు, మసీదుల పోకడలు కలిసిన దోర్నకల్ కెథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. పుచ్చుకునే చేతిని పెట్టే చెయ్యిగా మార్చడమే ఆయన చేసిన పెద్ద పని.