పసివాడి అడుగు వెంట నడిచిన డాక్టరమ్మ

సాయంత్రం పూట ఏ పార్కుకైనా వెళ్లి చూడండి. ఏడాదిన్నర పిల్లాడు రెండడుగులు వేస్తాడు, ఆగుతాడు. చీమల బారు కనిపిస్తే అక్కడే చతికిలబడతాడు. రాలిన ఆకు ఏరుకుంటాడు, నాలుగడుగులు వెనక్కి వస్తాడు. పక్కనున్న పెద్దవాళ్లకు అంత ఓపిక ఎక్కడిది? చెయ్యి పట్టుకుని లాగుతారు. రానంటే చంకనెత్తుకుంటారు, లేదంటే స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి బెల్టు పెట్టేస్తారు. అక్క కొడుకుతోనో అన్న కూతురితోనో మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ పని చేసే ఉంటారు.

ఆ రెండడుగుల మధ్య ఏం జరుగుతోందో వందేళ్ల కిందటే ఆగి చూసిందొక డాక్టరమ్మ. ఆమె పేరు మీకు కొత్తేమీ కాదు. మన ఊళ్లలో ఎన్నో బడుల బోర్డుల మీద కనిపించేదే. మరియా మాంటిస్సోరి.

ఇంజినీరు కావాలనుకుని...

1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టింది మరియా. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి. ఆ రోజుల్లో ఆడపిల్ల చదువుకుంటే టీచరు కావాలి, అంతే. ఈ అమ్మాయికి మాత్రం లెక్కలంటే ఇష్టం. పదమూడేళ్లకే సాంకేతిక పాఠశాలలో చేరింది, ఇంజినీరు కావాలనుకుంది. తర్వాత మనసు మార్చుకుని మెడిసిన్ అంది. తండ్రికి నచ్చలేదు, అమ్మ మాత్రం వెనక నిలబడింది.

రోమ్ విశ్వవిద్యాలయంలో సీటు దక్కినా కష్టాలు తీరలేదు. మగ విద్యార్థులతో కలిసి శవపరీక్ష చేయడం ఆడపిల్లకు తగదన్నారు. అందరూ వెళ్లిపోయాక, చీకటి పడ్డాక, ఒంటరిగా ఆ గదిలో పని నేర్చుకుంది. 1896లో డాక్టరు పట్టా అందుకుంది. ఇటలీలో అప్పటికి మహిళా డాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఉద్యోగం మానసిక వైద్యశాలలో. అక్కడ ఎదుగుదల వెనకబడిన పిల్లల్ని చూసింది. వాళ్లకు కావాల్సింది మందులకంటే ముందు మంచి బోధన అని ఆమెకు అర్థమైంది. 1901లో, ముప్పై దాటాక, మళ్లీ విశ్వవిద్యాలయం మెట్లెక్కి తత్వశాస్త్రం, విద్యాశాస్త్రం చదవడం మొదలుపెట్టింది. చేతిలో డాక్టరు పట్టా ఉండగా కూడా!

బండిలోకి చేరిన బకెట్

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో ఆమె తొలి ‘పిల్లల ఇల్లు’ తెరుచుకుంది. అమ్మానాన్నలు పనికి వెళ్తే పగలంతా ఆలనాపాలనా లేని పిల్లలు వాళ్లు. అక్కడ ఆమె చేసిన మొదటి పని పాఠం చెప్పడం కాదు, ఊరికే చూడడం.

ఆ చూపు బడి బయట కూడా ఆగలేదు. రోమ్‌లోని పించియో తోటలో ఒకసారి ఏడాదిన్నర బాబు కనిపించాడు. చిన్న పారతో గులకరాళ్లు ఎత్తి బుల్లి బకెట్‌లో నింపుకుంటున్నాడు. ఇంటికి వెళ్లే వేళయింది. ఆయా బతిమాలింది, బాబు వినలేదు. చివరికి ఆమే గబగబా బకెట్ నింపేసి, బకెట్‌నీ బాబునీ కలిపి బండిలో పెట్టేసింది. అడిగింది ఇచ్చేశాననే ఆమె అనుకుంది. బాబు మాత్రం ఏడుపు లంకించుకున్నాడు. వాడికి కావాల్సింది నిండిన బకెట్ కాదు, నింపడం. ఈ తేడా మరియా కళ్లకు కనిపించింది, తన పుస్తకంలో రాసుకుంది.

నడక గురించీ ఆమె చెప్పింది ఇదే. పెద్దవాళ్లు ఎక్కడికో చేరాలని నడుస్తారు. పసివాళ్లు నడవడం కోసమే నడుస్తారు. రెండేళ్ల పిల్లలు మైలు రెండు మైళ్లు నడవగలరు. ఎటొచ్చీ మన వేగంతో కాదు, మధ్యలో ఆగుతూ, ఎక్కుతూ, దిగుతూ. వాళ్ల కాళ్లు చిన్నవి కాబట్టి మన అడుగే తగ్గాలి అన్నది ఆమె వాదన.

తన కొడుకు తొలి అడుగులు

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ప్రపంచానికి ఇంత చెప్పిన ఈ తల్లి, సొంత కొడుకు పక్కన ఆ నడక నడవలేకపోయింది.

1898 మార్చి 31న ఆమెకు మారియో పుట్టాడు. తండ్రి ఆమెతో పనిచేసిన డాక్టరు జుసెప్పె మోంటెసానో. పెళ్లి కాలేదు. సంగతి బయటపడితే వృత్తి పోతుంది, పెళ్లి చేసుకున్నా ఉద్యోగం వదులుకోవాల్సిందే. బాబును పల్లెలో ఓ కుటుంబం దగ్గర పెంచారు. తల్లి అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చేది. 1912లో ఆమె అమ్మ చనిపోయాక, పదిహేనేళ్ల వయసులో మారియో తల్లి దగ్గరికి చేరాడు. ఆ తర్వాత కూడా చాలాకాలం లోకానికి అతను మేనల్లుడే.

దీన్ని తప్పనాలా, త్యాగమనాలా? తేలిగ్గా తీర్పు చెప్పకండి. ఉద్యోగమా, బిడ్డా అన్న ప్రశ్న ఆ తండ్రిని ఎవరూ అడగలేదని మాత్రం గుర్తుంచుకోండి. ఈ ప్రశ్న నేటికీ ఎన్ని ఇళ్లలో, ఎవరిని అడుగుతున్నారో మీకు తెలియంది కాదు.

మద్రాసు మలుపు

1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద తల్లీకొడుకులు మద్రాసు అడయారుకు వచ్చారు. మన కోస్తా, సీమ జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వానికి వీళ్లు శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పంపారు, ఆమెను అడయారు దాటనివ్వలేదు. 1940లో ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు వైస్రాయ్ ఇచ్చిన కానుక ఏమిటో తెలుసా? మారియో విడుదల. ఆ కబురులో అతన్ని ఆమె కొడుకనే అన్నారు. దాచుకున్న మాట అలా నలుగురిలోకీ వచ్చింది.

ఆ తర్వాత కొడైకెనాల్లో ఉన్నారు, దేశమంతా తిరిగారు. ఆమె దగ్గర మన దేశంలో వెయ్యిమందికి పైగా టీచర్లు శిక్షణ పొందారు. ఆమె ముఖ్యమైన పుస్తకాల్లో ఒకటి 1949లో మద్రాసులోనే అచ్చయింది. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో ఆమె కన్నుమూసింది. పనిని కొడుకే ముందుకు నడిపాడు.

మీకేం పనికొస్తుంది?

ఇంజినీరింగ్ అనుకుని, మెడిసిన్ చదివి, ముప్పై దాటాక మళ్లీ విద్యార్థినై, చివరికి తన పని వెతుక్కుంది ఆమె. ఇరవై రెండేళ్లకే దారి తప్పామని దిగులుపడే వాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. ఆగడం, వెనక్కి రావడం కూడా నడకలో భాగమే.

ఈ ఆదివారం మీ ఇంటి బుడతణ్ని బయటికి తీసుకెళ్లండి. రోడ్డు దాటేదాకా స్ట్రోలర్ ఉండాల్సిందే, అలిసిపోతే తిరిగొచ్చేటప్పుడూ పనికొస్తుంది. పార్కు లోపలికి వెళ్లాక మాత్రం దించేయండి. ఫోన్ జేబులో పెట్టుకుని, వాడు ఆగినచోట మీరూ ఆగండి. అరగంటలో యాభై గజాలు కూడా దాటకపోవచ్చు. ఫర్వాలేదు, మీరు అక్కడికి చేరాల్సిన ఊరేమీ లేదు కదా.