పాపికొండల్లో ఒక డేరా: ప్రొఫెసర్ హైమన్‌డార్ఫ్ జీవితం

నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, భుజాన సంచీ తగిలించుకుని చర్ల వైపు బయల్దేరే మిత్రులు మన కాలేజీలో ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా గోదావరి ఎడమ గట్టున అరవై కిలోమీటర్ల దారి. ఆపైన తాలిపేరు వాగు, దాని వెనక బస్తరు అడవి. మా బ్యాచ్ వాళ్ళమూ వెళ్ళాం. వాగు ఒడ్డున డేరా వేశాం, ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తాగాం, పాటలు పాడుకున్నాం. మూడు రోజులు మాకు దారి చూపి, వంటచెరకు కొట్టి, మా బరువులు మోసిన కోయ పెద్దాయన పేరేమిటో మాత్రం మాలో ఒక్కరమూ అడగలేదు. హాస్టలుకు వచ్చాక ఎవరో అడిగితే ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇదే గోదావరికి దిగువన, మాకంటే ఎంతో ముందు, ఒక విదేశీయుడు డేరా వేశాడు. ఆయన పనే ఇంటింటికీ పోయి పేర్లు అడగటం. ఆయన కథ మన సంచికలో ఉండాలనిపించింది.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో ఒక ఆస్ట్రియన్ ప్రభు కుటుంబంలో పుట్టారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేటు పొందారు. అస్సాం, బర్మా కొండజాతుల మీద ఆ సిద్ధాంత గ్రంథం రాసేనాటికి ఆయన ఆ కొండలు చూడనే లేదు, అంతా లైబ్రరీ చదువే. (మనలో పరిశోధన చేసేవారికి ఈ మాట కాస్త ఊరట!) తరువాత లండన్ వెళ్ళి మాలినోవ్‌స్కీ గారి తరగతుల్లో కూర్చున్నారు. 1936లో నాగా కొండలకు చేరాక గాని అసలు చదువు మొదలు కాలేదు.

1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్ళాడారు. అందరికీ ఆమె బెట్టీ. 1939లో దంపతులిద్దరూ ఇండియాకు వచ్చారో లేదో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆస్ట్రియాను హిట్లరు అప్పటికే మింగేశాడు కనుక హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషు ప్రభుత్వం లెక్కలో ఆయన శత్రుదేశీయుడు. నైజాం సంస్థానం దాటి పోకూడదని కట్టడి చేశారు. ఇంకొకరైతే హైదరాబాదులో బంగళా చూసుకుని యుద్ధం అయ్యేదాకా రోజులు లెక్కపెట్టేవారేమో. ఈయన ఆ ఎల్లలోపల ఎన్ని అడవులున్నాయో చూసుకున్నారు. 1940లో నల్లమలలో చెంచుల మధ్య గడిపారు. 1941లో పాపికొండలకు వచ్చారు.

అప్పటి భూగోళం కొంచెం చెప్పాలి. ఈ ప్రాంతంలో గోదావరి రెండు రాజ్యాల నడుమ సరిహద్దు. చర్ల, భద్రాచలం ఉన్న ఎడమ గట్టు మద్రాసు రాష్ట్రం. 1959లో గాని భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలవలేదు. కుడి గట్టు నైజాంది. ఆ గట్టునే కోయిదా, కాకిస్నూరు, పేరంటపల్లి వంటి కొండరెడ్ల ఊళ్ళు ఉన్నాయి. రోడ్డు లేదు. పడవ, లేకపోతే కాలిబాట. సామాను మోయించుకుంటూ, ఊరి పక్కన, నీటి దగ్గర డేరాలు వేసుకుంటూ ఆ దంపతులు కొండలెక్కి దిగారు. ఇంటింటి వంశాలూ, పోడు చేసే తీరూ, పెళ్ళిళ్ళూ చావులూ పూజలూ అన్నీ రాసుకున్నారు. నాగలి లేకుండా కొండవాలున గుంటకర్రతో విత్తనం వేయటం, జీలుగు చెట్టు కల్లు తాగటం, తిండి చాలని రోజుల్లో దాని బోదె పిండి తినటం, మామిడి టెంకలోని జీడిని వాగునీటిలో నానబెట్టి చేదు పోగొట్టుకోవటం. అందమైన సెలయేరు అనుకుని మనం ఫొటో తీసుకునే చోటు, వాళ్ళకు వంటింట్లో ఒక భాగం.

అక్కడే ఆయనకు రెండో సంగతి తెలిసివచ్చింది. కొండ మీద స్వేచ్ఛగా ఉన్నాడనుకున్న రెడ్డి, నది ఒడ్డుకు దిగేసరికి అప్పుల్లో ఉన్నాడు. వెదురు కంట్రాక్టర్లు అడ్వాన్సు ఇచ్చి పద్దు రాసుకునేవారు. ఆ పద్దు ఎన్నటికీ తీరేది కాదు. కూలి ధాన్యంగానో బట్టగానో ఇచ్చి ధర వాళ్ళే కట్టేవారు. పోడు పనికి అదను వచ్చినా వదిలేవారు కాదు. నరికిన వెదురు తెప్పలై రాజమండ్రికి పోయేది, నరికినవాడి పొలం బీడు పడేది. శాస్త్రజ్ఞుడు తన నోటుబుక్కు మూసుకుని ఊరుకోవచ్చు. హైమన్‌డార్ఫ్ ఊరుకోక ప్రభుత్వానికి నివేదిక రాశారు. చెంచులు, రెడ్లు, గోండులు వగైరాల మీద అట్లాంటి నివేదికలు నాలుగు 1945లో పుస్తకంగా వచ్చాయి. కొండరెడ్ల మీద పెద్ద గ్రంథమూ ఆ ఏడే వెలువడింది, దానిమీద బెట్టీ పేరు కూడా ఉంది.

తక్కినది చాలామందికి తెలిసిందే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, ఆదిలాబాదు గోండుల కష్టమేమిటో తెలుసుకోవలసిన అగత్యం నైజాం సర్కారుకు పడింది, ఆ పని ఈయనకు అప్పగించారు. మార్లవాయిలో 1943లో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం, గోండీ వాచకాలు, భూములకు పట్టాలు, 1356 ఫసలీ గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, వీటన్నిటి వెనక ఆయన చెయ్యి ఉంది. ఉస్మానియాలోనూ ఆచార్యులుగా పనిచేశారు. నిజమే, ఇదంతా నైజాం కొలువులో ఉండి చేసిందే. భీం చనిపోతే తప్ప సర్కారు కదలలేదన్నదీ నిజమే. నా మటుకు ఆయన్ను దేవుణ్ణి చేయటం ఇష్టం లేదు, కాని అధికారుల మధ్య కూర్చుని కంట్రాక్టరు పద్దు గురించి రాసినవారు ఆ రోజుల్లో ఎందరున్నారు?

1949 నుంచి 1976 దాకా లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో ఉన్నారు. నేపాలుకూ వెళ్ళారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో మళ్ళీ ఇక్కడికే వచ్చి పాత ఊళ్ళన్నీ తిరిగారు. తాను పట్టాలిప్పించిన భూములు బయటివాళ్ళ చేతుల్లోకి జారిపోవటం కళ్ళారా చూశారు. 1982లో వచ్చిన పుస్తకంలో ఆ బాధంతా లెక్కలతో సహా ఉంది. దానిలో మన ఖమ్మం, వరంగల్లు కోయల సంగతీ ఉంది.

పేరంటపల్లి ఇప్పుడు లాంచీల మీద వచ్చేవారికి తెలిసిన చోటు. మునివాటం గుడి, పక్కన కొండ నుంచి దూకే సెలయేరు. హైమన్‌డార్ఫ్ వచ్చేనాటికే అక్కడ బాలానందస్వామి ఉండి కొండరెడ్ల పక్షాన నిలబడ్డారు. 2014లో ఆ ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, పోలవరం ముంపు జాబితాకు ఎక్కాయి. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు, తరువాత చితాభస్మం ఆమె పక్కకే చేరింది. గోండులు ఏటా జనవరిలో అక్కడ కూడి ఇద్దరినీ తలుచుకుంటారు. వెళ్ళదలచినవారు ఉట్నూరు నుంచి జైనూరు దారి పట్టాలి.