పియేర్ బొన్నార్

యుద్ధకాలపు చిత్రమనగానే ఫిరంగులును పొగయును మన కన్నులకు గట్టును. ఫ్రెంచి చిత్రకారుడగు పియేర్ బొన్నార్ వ్రాసిన చిత్రమున నవి లేవు.

ఆతడు 1867లో పారిసు సమీపమున జన్మించెను. న్యాయశాస్త్రమును చదివియు వకీలు వృత్తిని విడిచి కుంచె చేపట్టెను. 1893లో పరిచితురాలైన మార్త్‌ను 1925లో వివాహమాడి, మరుసటి యేట దక్షిణ తీరమున ల కానేలో నొక చిన్న యిల్లు కొనెను. భోజనపు బల్ల, కిటికీ, స్నానపు తొట్టి, ఇవియే యాతని లోకము. మనిషిని ఎదుట నుంచుకొని వ్రాయుట యాతని పద్ధతి కాదు. జేబు డైరీలో పెన్సిలుతో గీతలు గీచి, ఆనాటి వాతావరణమును గుర్తు వ్రాసికొని, పిమ్మట జ్ఞాపకము నుండియే రంగులు వేసెడివాడు.

1940లో ఫ్రాన్సు జర్మనులకు లొంగిపోయెను. దంపతులు ల కానేలోనే నిలిచిపోయిరి. తిండికిని బొగ్గునకును కరవు. 1941లో నాతడు తొట్టిలో శయనించిన భార్యను, చెంత నొక చిన్న కుక్కను చిత్రింప నారంభించెను. 1942 జనవరిలో మార్త్ గతించెను. ఆమె గదికి తాళము వేసెనే గాని చిత్రమును విడువలేదు. 1946 వరకు దిద్దుచునే యుండెను. డెబ్బది యేండ్లు దాటి పోయిన యామె యందు యౌవనవతిగనే యున్నది.

దేశము పరాధీనమై యుండగా స్నానపు గదిని చిత్రించుటయా యని యాక్షేపింపవచ్చును. మేమును మొదట నట్లే తలచితిమి. కాని పోయినదానిని పోనీయక నాలుగేండ్లు పట్టి నిలిపిన యా యోరిమిని పలాయనమనుటకు మాకు నోరాడకున్నది.

1947 జనవరిలో, మరణమునకు కొలది దినములు ముందు, పుష్పించిన బాదము చెట్టు చిత్రమున నొక మూలనున్న ఆకుపచ్చ తగలేదని మేనల్లునిచే దానిని పసుపు రంగునకు మార్పించెను.