ఇరవై రెండేళ్లకే ఆగిన గిటార్: బడీ హాలీ

1959 ఫిబ్రవరి 4న భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం తరలివచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలకు కాలక్రమంలో ఆ ఉక్కునగరమే సొంత ఊరైంది. సరిగ్గా దానికి ముందురోజు అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో, మంచు కప్పిన పొలంలో ఒక చిన్న విమానం కూలిపోయింది. అందులో మరణించినవారిలో రాక్ అండ్ రోల్ సంగీతానికి రూపురేఖలు దిద్దిన 22 ఏళ్ల యువకుడు బడీ హాలీ ఒకరు.

ఆయన అసలు పేరు చార్లెస్ హార్డిన్ హాలీ. 1936 సెప్టెంబరు 7న టెక్సాస్‌లోని లబక్ పట్టణంలో, నలుగురు సంతానంలో చివరివాడిగా జన్మించారు. ఆనాడు నల్లజాతీయుల రిథమ్ అండ్ బ్లూస్, శ్వేతజాతి పల్లెవాసుల కంట్రీ సంగీతం వేర్వేరు పాయలుగా సాగుతుండేవి. ఆ రెండూ కలిసిన ప్రవాహమే రాక్ అండ్ రోల్. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఎల్విస్ ప్రెస్లీ ఆ కొత్త బాణీకి ఊపిరి పోశారు. 1955లో లబక్‌కు వచ్చిన ప్రెస్లీ కార్యక్రమంలో ముందుగా పాడే అవకాశం హాలీకి దక్కింది.

తొలి ప్రయత్నం మాత్రం నిరాశే మిగిల్చింది. 1956లో డెక్కా సంస్థ ఆయన చేత కొన్ని పాటలు పాడించి, మరుసటి ఏడాది ఒప్పందాన్ని పొడిగించలేదు. విడుదలకు నోచుకోని పాటల్లో ‘దటిల్ బి ది డే’ ఒకటి. 1957 ఫిబ్రవరిలో న్యూమెక్సికోలోని క్లోవిస్ పట్టణంలో, నార్మన్ పెటీ స్టూడియోలో హాలీ ఆ పాటనే మిత్రులతో కలిసి తిరిగి రికార్డు చేశారు. పాత ఒప్పందం అడ్డురావడంతో తన పేరుకు బదులు బృందానికి ‘క్రికెట్స్’, అంటే కీచురాళ్లు, అని పేరు పెట్టారు. డెక్కా అనుబంధ సంస్థే ఆ రికార్డును విడుదల చేయగా, సెప్టెంబరుకల్లా అది అమెరికాలో ప్రథమ స్థానానికి చేరింది.

రెండు గిటార్లు, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్, సొంతంగా కట్టుకున్న పాటలు: ఇదీ ఆ బృందం నమూనా. అక్షరాన్ని వెక్కిళ్లలా విరిచి పాడటం హాలీ గాత్రంలోని ప్రత్యేకత. ‘ఎవ్రీడే’ పాటలో డ్రమ్ముకు బదులు వాద్యకారుడు జెర్రీ ఆలిసన్ తన మోకాళ్లపైనే తాళం వేశారు. ఖరీదైన వాద్యబృందం లేకున్నా కొత్త ధ్వనిని సృష్టించవచ్చని ఆ రికార్డులు నిరూపించాయి.

1958 ఆగస్టులో హాలీ మరియా ఎలీనా శాంటియాగోను వివాహమాడారు. పెటీతో విభేదాల వల్ల రావలసిన ఆదాయం నిలిచిపోవడంతో డబ్బుకు ఇబ్బంది ఏర్పడింది. భార్య గర్భవతిగా ఉన్న సమయంలోనే, 1959 జనవరిలో ఆయన 24 రోజుల్లో 24 ఊళ్లు తిరిగే శీతాకాల సంగీత యాత్రకు బయలుదేరారు. బస్సుల్లో వేడినిచ్చే యంత్రాలు పదేపదే చెడిపోయేవి. గడ్డకట్టే చలికి డ్రమ్ వాద్యకారుడి పాదాలు దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు.

ఆ బస్సు ప్రయాణం తప్పించుకోవాలనే, ఫిబ్రవరి 2న క్లియర్ లేక్‌లో కార్యక్రమం ముగించాక హాలీ చిన్న విమానాన్ని అద్దెకు తీసుకున్నారు. అర్ధరాత్రి దాటాక బయలుదేరిన ఆ విమానం కొద్ది నిమిషాలకే కూలింది. హాలీతోపాటు 17 ఏళ్ల రిచీ వాలెన్స్, 28 ఏళ్ల జె.పి. రిచర్డ్‌సన్, 21 ఏళ్ల పైలట్ రోజర్ పీటర్సన్ ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదవార్త విన్న మరియాకు గర్భస్రావమైంది.

తొలి విజయానికీ మరణానికీ మధ్య గడిచింది ఏడాదిన్నర కాలమే. లివర్‌పూల్ యువకులు తమ బృందానికి బీటిల్స్ అని కీటకం పేరును తలపించే పేరు పెట్టుకోవడానికి క్రికెట్సే ప్రేరణ. 1964లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘నాట్ ఫేడ్ అవే’ను పాడి బ్రిటన్‌లో పేరు తెచ్చుకుంది. 1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి జాబితాలోనే హాలీకి స్థానం లభించింది. నేడు ఏ పట్టణంలోనైనా నలుగురు యువకులు కలిసి గిటార్లు, డ్రమ్ములతో సొంత పాట కట్టుకుంటున్నారంటే, లబక్ యువకుడు చూపిన బాటలోనే నడుస్తున్నారు.