హెన్రీ మాడ్స్‌లే

గోదావరిఖని సమీపమున అడ్రియాల గనిలో 2014లో లాంగ్‌వాల్ పద్ధతిని బొగ్గు తీయుట ప్రారంభమైనది. అచ్చట పైకప్పును మోయు ఉక్కు కాళ్ళలో ద్రవము మిక్కిలి ఒత్తిడితో నిండియుండును. అది కారిపోయినచో కప్పు క్రుంగును. కారకుండ ఆపునది ముషలకము చుట్టును అమర్చిన చిన్న పట్టీ. అట్టి పట్టీకి మూలపురుషుడు హెన్రీ మాడ్స్‌లే.

హెన్రీ 1771లో ఇంగ్లండునందలి వూలిచ్‌లో జన్మించెను. బీదవారి బిడ్డ, 12వ యేటనే ఆయుధశాలలో తూటాలకు మందు కూరెడి పనికి కుదిరెను. పిమ్మట కమ్మరము నేర్చి, 18వ యేట లండనులో తాళములకు పేరొందిన జోసెఫ్ బ్రామా కర్మశాలలో చేరెను.

1795లో బ్రామా నీటి ఒత్తిడితో పనిచేయు గొప్ప యంత్రమునకు పేటెంటు పొందెను. కాని ముషలకము ప్రక్కనుండి నీరు చిమ్ముచుండెను. సందును గట్టిగా బిగించినచో నీరు ఆగెడిది గాని, ఒత్తిడి తీసినను ముషలకము దిగిరాకుండెడిది. వదులు చేసినచో మరల నీరే! యంత్రము కాగితముమీదనే నిలిచిపోవునట్లుండెను. అప్పుడు మాడ్స్‌లే తోలుతో గిన్నెవంటి పట్టీని చేసి, దాని నోటిని నీటివైపునకు త్రిప్పి అమర్చెను. నీరు ఒత్తినకొలది దాని అంచులు విచ్చుకొని సందును మూసెను. ఒత్తిడి తగ్గగనే సడలి ముషలకమును విడిచెను. కారజూచిన నీరే కాపలా కాసెను గదా!

యంత్రమునకు మాత్రము బ్రామా పేరే నిలిచెను. కుటుంబము పెరుగగా, వారమునకు 30 షిల్లింగుల కూలిని పెంచుమని మాడ్స్‌లే అడిగెను, బ్రామా నిరాకరించెను. 1797లో అతడు వెడలిపోయి స్వంత కర్మశాలను నెలకొల్పెను. 1831లో అతడు మరణించెను. విట్‌వర్త్, నాస్మిత్ మొదలగు ప్రసిద్ధ యంత్రశిల్పులు ఆ కర్మశాలలో పని నేర్చినవారే.