మా సాహెబా మస్జిద్, ముసాఫిర్ల సరాయి

రావిర్యాల, తుక్కుగూడ వైపు నివసించే మన సోదరులు విజయవాడ వెళ్లాలంటే అవుటర్ రింగు రోడ్డు ఎక్కి, బొంగులూరు దాటి, పెద్దఅంబర్‌పేట దగ్గర దిగుతారు. అక్కడి నుండి నగరం వైపు కొద్ది దూరం వస్తే హయాత్‌నగర్. బస్సుల బోర్డుల మీద రోజూ కనిపించే ఈ పేరు ఒక ముస్లిం స్త్రీది. ఆమె హయాత్ బఖ్షీ బేగం. గోల్కొండ రాజ్యంలో ఒక సుల్తానుకు కుమార్తె, ఒక సుల్తానుకు భార్య, మరొక సుల్తానుకు తల్లి. ప్రజలు ఆమెను మా సాహెబా అని పిలుచుకునేవారు. మాసాబ్‌ట్యాంక్ పేరు కూడా ఆమె వల్లనే వచ్చిందని చెబుతారు.

ఆమె తండ్రి ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో హైదరాబాదు నగరాన్ని స్థాపించారు. ఆయనకు కుమారులు లేరు. అందువల్ల తన తమ్ముని కుమారుడైన ముహమ్మద్‌కు కుమార్తెనిచ్చి నికాహ్ చేశారు. 1612లో ఆ అల్లుడే సింహాసనం ఎక్కారు. నేడు వేలాది మంది జుమా నమాజు చేసే మక్కా మస్జిద్‌కు పునాది వేయించినది ఈ సుల్తానే. ఆ మస్జిద్ ఆయన కాలంలోగానీ, ఆయన కుమారుని కాలంలోగానీ పూర్తి కాలేదు. గోల్కొండ మొఘలుల వశమైన తరువాత 1694లో ఔరంగజేబు దాన్ని పూర్తి చేయించారు.

1626లో భర్త మరణించే నాటికి కుమారుడు అబ్దుల్లాకు పన్నెండేళ్లు మాత్రమే. పేరుకు సుల్తాను అబ్దుల్లా. రాజ్యభారం మోసింది మాత్రం తల్లి. ముప్పై ఏళ్ల తరువాత, 1656లో ఔరంగజేబు సైన్యం హైదరాబాదులో ప్రవేశించి గోల్కొండ కోటను ముట్టడించినప్పుడు, వయసు మళ్లిన ఆ తల్లి స్వయంగా ఆయన శిబిరానికి వెళ్లి సంధి మాట్లాడారు. అబ్దుల్లా కుమార్తెను ఔరంగజేబు కుమారుడు ముహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి నికాహ్ చేయడం ఆ సంధి షరతుల్లో ఒకటి. మనవరాలిని పంపి రాజ్యాన్ని నిలుపుకోవలసి వచ్చిన ఆ ఇంటి బాధను మన సోదరీమణులు మాకంటే బాగా అర్థం చేసుకోగలరు.

ఆమె ప్రస్తావన వస్తే మన పెద్దలు ముందుగా చెప్పేది ఏనుగు కథ. బాలుడైన అబ్దుల్లాను ఏనుగు ఎక్కడికో తీసుకుపోయిందట, తల్లి బంగారు గొలుసు మొక్కుకుందట. ఏనుగు కథ చెప్పుకుంటూ ఆమె చేసిన అసలు పుణ్యకార్యాన్ని మనం మరచిపోయామని మా అభిప్రాయం.

ఆ కార్యం హయాత్‌నగర్‌లో ఉంది. గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు వెళ్లే పాత బాట మీద ఎత్తయిన అరుగు, దాని మీద అయిదు కమానుల మస్జిద్, రెండు మీనార్లు. చుట్టూ విశాలమైన ఆవరణ, ఆవరణ గోడ వెంబడి వరుసగా ముసాఫిర్ల గదులు. సమీపంలో హాథీ బావ్లీ అనే పెద్ద బావి. అంటే ప్రయాణికునికి వుజూకు నీరు, నమాజుకు చోటు, రాత్రి తలదాచుకోవడానికి గది, అన్నీ ఒకేచోట అమర్చారు. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా కూఫా నుండి మక్కా వరకు హాజీల బాటలో బావులు, విడిది స్థలాలు ఏర్పాటు చేయించారని మనం చదువుకున్నాం. మన తెలుగు నేల మీద ఇదీ అలాంటి పనే.

ఆ కాలంలో ఈ బాటలో ప్రయాణించిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే తాను చూసిన ఒక విడిదిని వర్ణించాడు. అతడు తెనారా అని రాసిన ఆ ఊరు హయాత్‌నగరేనని చరిత్రకారులు భావిస్తారు. అక్కడి చిన్న గదుల్లో దిగిన పేద ప్రయాణికులకు ప్రతి సాయంత్రం రొట్టె, అన్నం, వండిన కూరలు పంచేవారట. ఇతరులు వండినది తినని హిందువులకు పిండి, కొంచెం నెయ్యి ఇచ్చేవారట, తామే రొట్టెలు కాల్చుకునేందుకు. మాకు మస్జిద్ మీనార్ల కంటే ఈ నెయ్యే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. దానం చేసేవారు పుచ్చుకునేవాని ఆచారాన్ని కూడా గమనించారు. ముసాఫిరును జకాత్ హక్కుదారుల్లో చేర్చిన ధర్మం మనది. కానీ అతనికి ఇలా మర్యాదగా పెట్టేవారు ఎందరు?

ఆమె 1667లో, అనగా హిజ్రీ 1077లో మరణించారు. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో, పెద్ద మస్జిద్ పక్కనే ఆమె సమాధి ఉంది.

హయాత్‌నగర్ మస్జిద్‌లో అల్‌హమ్దులిల్లాహ్ నేటికీ నమాజు జరుగుతోంది. సరాయి గదులు మాత్రం చాలా చోట్ల శిథిలమయ్యాయి. మస్జిద్‌ను కాపాడుకుంటే చాలు, గదులు పోతే పోనీ అనుకోవడం సరికాదు. ఆ గదులు, ఆ బావి కూడా ఆమె సదఖయె జారియాలో భాగమే.

మరమ్మతు విషయంలోనూ ఒక మాట చెప్పాలి. పాత మస్జిద్‌లకు మన కమిటీలు ప్రేమతోనే సిమెంటు పూయిస్తాయి, ఆయిల్ పెయింటు వేయిస్తాయి. ఆ గోడలు రాతితో, సున్నంతో కట్టినవి. సున్నం తేమను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు ఆ తేమను లోపలే బంధించి గోడను తినేస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు, ప్రభుత్వం కలిసి 2013లో పని మొదలుపెట్టి 2024లో ముగించాయి. అక్కడ ముందు చేసిన పని గత శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నం పూయడమే. ఆ పని నేర్చిన మేస్త్రీలు మన హైదరాబాదులోనే ఉన్నారు. మీ ఊరి పాత మస్జిద్‌కు సిమెంటు బస్తాలు తెప్పించే ముందు కమిటీ వారు వారసత్వ శాఖను ఒకసారి అడిగితే, వారిని పిలిపించుకోవచ్చు.